మంచు ఊళ్లో లెగసీ: కొనాలా, వద్దా?

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో అక్టోబరు వచ్చిందంటే కార్ల చర్చ మొదలవుతుంది. దీపావళి భోజనాల దగ్గర ఒక మూల పిల్లల కాలేజీలు, ఇంకో మూల గ్రీన్ కార్డు తేదీలు నడుస్తుంటే, మధ్యలో ఎవరో ఒకరు "ఈ చలికాలానికి ఆల్ వీల్ డ్రైవ్ కారు కొందామనుకుంటున్నా" అంటారు. తీసుకో అనేవాళ్లు కొందరు, దండగ అనేవాళ్లు కొందరు. నోవైలో ఒక ఇంట్లో ఈ వాదన బావకీ బావమరిదికీ మధ్య గట్టిగా నడిచింది.

బావ మిషిగన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇంజను శక్తి ముందు రెండు చక్రాలకే అందే మామూలు కార్లతోనే అన్ని చలికాలాలూ గట్టెక్కాడు. బావమరిది డాలస్ నుంచి ఉద్యోగం మారి కొత్తగా వచ్చాడు. కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని, షిఫ్టు పొద్దున ఆరింటికి. అతని మనసు సుబారు లెగసీ మీద పడింది. 2023 మోడల్, ప్రీమియం ట్రిమ్, ఒకే ఓనరు వాడిన బండి. మన దేశంలో ఈ కంపెనీ కార్లు అమ్మదు కాబట్టి ఊళ్లో నాన్నకు ఆ పేరు చెబితే అర్థం కాలేదు. బావకు అర్థమైంది గానీ నచ్చలేదు.

"నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఎందుకో ముందు అది చెప్పు. మంచు పడుతుంది కదా అనొద్దు. ఇరవై ఏళ్లుగా నా మీదా పడుతోంది" అన్నాడు బావ.

"మీరు బయల్దేరేది ఎనిమిదిన్నరకి బావా. నేను ఐదుంపావుకే గడప దాటాలి. ఆ వేళకి ఫ్రీవే మీద ఉప్పు చల్లి ఉంటారేమో గానీ, మా సబ్‌డివిజన్ లోపలికి స్నో ప్లౌ ట్రక్కు వచ్చి ఉండదు. మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర చిన్న ఎత్తు. అక్కడ ఆగి, మెయిన్ రోడ్డు మీద వచ్చే కార్ల మధ్య సందు చూసుకుని ఎడమవైపు తిరగాలి. ముందు చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతూ ఉండిపోతే, ఎదురుగా వచ్చే ట్రక్కు నాకోసం ఆగుతుందా?"

బావ ఈ మాటను కొట్టిపారేయలేకపోయాడు. ఆల్ వీల్ డ్రైవ్ అవసరాన్ని చాలామంది కొండలతో, అడవి దారులతో ముడిపెడతారు. నిజానికి అది ఎక్కువగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే: ఆగి ఉన్న బండి జారే రోడ్డు మీద వెంటనే, తడబడకుండా కదలాల్సిన చోట. అయినా బావ లెక్కలు బావకున్నాయి.

"డెట్రాయిట్‌లో ఏడాదికి సగటున పడేది 45 అంగుళాల మంచు. బఫెలోలో 95 దాకా పడుతుంది. అక్కడుంటే నేనే కొనమనేవాణ్ని. ఇక్కడ నేల బల్లపరుపు. నువ్వు చెప్పిన ఉదయాలు చలికాలం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటికోసం ఏడాది పొడుగునా అదనపు షాఫ్టు, అదనపు గేర్లు, అదనపు బరువు మోస్తావా?"

"మోసే పద్ధతిలో తేడా ఉంది బావా."

బావమరిది ఇక్కడ పేపరు తీసి బొమ్మ గీశాడు. మామూలు ఫ్రంట్ వీల్ కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది. వెనక చక్రాలకు కూడా శక్తి పంపాలంటే పక్కనుంచి ఇంకో ఏర్పాటు తగిలించాలి. నిస్సాన్ ఆల్టిమాలో 2019 మోడల్ నుంచి ఉన్నదీ, 2020 నుంచి 2024 దాకా పెట్రోలు కామ్రీలో వచ్చిందీ ఆ తరహాయే. రోడ్డు బాగుంటే బండి ముందు చక్రాలతోనే నడుస్తుంది, అవసరమైనప్పుడు సగం దాకా శక్తి వెనక్కి వెళ్తుంది. లెగసీలో ఇంజను నిలువుగా, బండి పొడవు వెంట ఉంటుంది. నాలుగు సిలిండర్లు రెండు పక్కలా పడుకుని ఉంటాయి కాబట్టి బరువు కిందకి ఉంటుంది. ఇంజను వెనక గేర్‌బాక్సు, దాని వెనక షాఫ్టు, అన్నీ ఒకే వరసలో. మామూలు రోడ్డు మీద కూడా సుమారు 60 పాళ్లు ముందుకి, 40 పాళ్లు వెనక్కి పోతూనే ఉంటుంది. ముందు చక్రం జారితే లోపలి క్లచ్ పలకలు బిగిసి వెనక వాటా పెంచుతాయి. జారాక మేలుకోవడం కాదు, ముందునుంచే పట్టు నాలుగింటికీ పంచి ఉంచడం దీని పద్ధతి. 1990ల మధ్య నుంచి సుబారు అమెరికాలో అమ్మే దాదాపు అన్ని కార్లకూ ఆల్ వీల్ డ్రైవే పెట్టుకుంది. తర్వాత వచ్చిన బీఆర్‌జెడ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు లాంటివి దానికి మినహాయింపు.

"1989లో ఈ లెగసీనే అరిజోనాలో లక్ష కిలోమీటర్లు పరిగెత్తించారు. సగటు వేగం గంటకి 223 కిలోమీటర్లు. అది అప్పట్లో ప్రపంచ రికార్డు" అని కూడా చేర్చాడు.

"అరిజోనాలో మంచు పడదుగా" అన్నాడు బావ. "ఇంజను గట్టిదే, కాదనను. నా ప్రశ్న వేరు. బయల్దేరడం సంగతి చెప్పావు. ఆగడం సంగతేంటి?"

వాదన అసలు మలుపు ఇక్కడ తిరిగింది. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే మంచు ఊళ్లలో కొత్తగా కారు కొనే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఒక్క విషయంలోనే. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. శక్తి రెండు చక్రాలకు అందినా, నాలుగింటికి అందినా, బ్రేకు తొక్కినప్పుడు బండిని ఆపేది టైరు రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే. మలుపులో బండిని నిలబెట్టేదీ అదే. ఆల్ వీల్ డ్రైవ్ కారు మంచు మీద సులువుగా 50 మైళ్ల వేగం అందుకుంటుంది. అంత సులువుగా అందుకోవడం వల్లే నడిపేవాడికి రోడ్డు బాగున్నట్టు అనిపిస్తుంది. బ్రేకు తొక్కిన క్షణాన గానీ ఎంత జారుడుగా ఉందో తెలియదు.

"దమ్ము చేసిన మళ్లో ట్రాక్టరు దింపేటప్పుడు మీ నాన్న ఏం చేసేవాడు? ఇంజను మార్చేవాడా? దమ్ము చక్రాలు వేసేవాడు. ఇదీ అంతే. నేల మారితే చక్రం మారాలి. 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే మామూలు ఆల్ సీజన్ టైరు రబ్బరు గట్టిపడిపోతుంది. వింటర్ టైరు రబ్బరు మెత్తగా ఉండి, దాని మీది సన్నటి కోతలు మంచును పట్టుకుంటాయి. ముందు చక్రాల కారుకి నాలుగు వింటర్ టైర్లు వేసిన నేను, ఆల్ సీజన్ టైర్లతో ఉన్న నీ లెగసీ కంటే ముందే ఆగుతాను. రిమ్ములతో కలిపి వెయ్యి, పన్నెండొందల డాలర్లు. ఆ నాలుగు నెలలూ మామూలు టైర్లు గరాజ్‌లో ఉంటాయి కాబట్టి వాటి ఆయుష్షూ పెరుగుతుంది."

"లెగసీకి కూడా వింటర్ టైర్లు వేస్తాను. అప్పుడు?"

"వేస్తే నా నోరు మూతపడ్డట్టే. కానీ మన గుడి పార్కింగ్ లాట్‌లోకి జనవరిలో వెళ్లి చూడు. ఎన్ని ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకి వింటర్ టైర్లుంటాయో! నాలుగు చక్రాలూ లాగుతున్నాయి కదా, ఇంకా ఎందుకు అనుకుంటారు. ఆ ధీమాయే నాకు భయం."

బావమరిది ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు గల ఆల్ వెదర్ టైర్లు ఏడాదంతా వాడుకోవచ్చు కదా అన్నాడు. వాడుకోవచ్చు. డెట్రాయిట్ లాంటి చోట అది మంచి మధ్యేమార్గం కూడా. అయితే అమెరికాలో ఆ గుర్తు కోసం చేసే పరీక్ష మంచు మీద ముందుకు లాగే పట్టును కొలుస్తుంది గానీ ఆగే దూరాన్ని కాదు. ఎమ్ ప్లస్ ఎస్ అని మాత్రమే రాసి ఉన్న టైరుకు ఆ పరీక్ష కూడా అక్కర్లేదు. టైరు కొనేటప్పుడు ఈ రెంటి మధ్య తేడా చూడాలి.

తర్వాత వాదన డబ్బు మీదికి మళ్లింది. బావ ఇక్కడ కామ్రీని బయటికి తీశాడు.

"సరే, నాలుగు చక్రాల డ్రైవే కావాలి. కొత్త కామ్రీ తీసుకో. 2025 మోడల్ నుంచి కామ్రీలన్నీ హైబ్రిడ్లే. వాటికి ఆల్ వీల్ డ్రైవ్ కూడా దొరుకుతుంది. వెనక చక్రాలకి విడిగా చిన్న మోటారు పెట్టారు, మధ్యలో షాఫ్టే లేదు. ఎల్‌ఈ ట్రిమ్ ఆల్ వీల్ డ్రైవ్‌తో కలిపి గ్యాలన్‌కి 50 మైళ్లు. నీ లెగసీ? 30. ఏడాదికి 12 వేల మైళ్లు తిరుగుతావు. దానికి 400 గ్యాలన్లు, దీనికి 240. గ్యాలన్ మూడుంబావు డాలర్లు వేసుకున్నా ఏడాదికి 520 డాలర్లు మిగులుతాయి. ఐదేళ్లలో 2600."

"అది వేసవి లెక్క. చలిలో హైబ్రిడ్ మైలేజీ ఎక్కువ పడిపోతుంది. మైనస్ 7 డిగ్రీల చలిలో ఊళ్లో తిరిగితే పెట్రోలు కారుకి 15 శాతం దాకా తగ్గుతుంది, హైబ్రిడ్‌కి 30 శాతానికి పైగా తగ్గుతుంది. ఇది ఇంధన శాఖ చెప్పే మాటే."

"తగ్గించే చూడు. 50లో మూడో వంతు తీసేసినా 33 వస్తుంది. నీ 30లో 15 శాతం తీసేస్తే పాతిక."

ఈ లెక్కలో బావదే పైచేయి. కానీ బావమరిది దగ్గర దీనికి ఇంకో జవాబుంది, అది న్యాయమైన జవాబు. కొత్త కామ్రీ ఎల్‌ఈకి ఆల్ వీల్ డ్రైవ్ పెట్టించుకుంటే ధర 30 వేల డాలర్లకు తక్కువ కాదు, పైన 6 శాతం అమ్మకం పన్ను. లెగసీ కొత్తగా ఉన్నప్పుడే అట్టడుగు ట్రిమ్ దాదాపు 25 వేల డాలర్లు. 2024 మోడల్ ధర అది. వాడిన లెగసీకీ కొత్త కామ్రీకీ మధ్య ఉన్న ధరల తేడాను ఏడాదికి 520 డాలర్ల ఆదా పూడ్చాలంటే చాలా ఏళ్లు పడుతుంది. ఏడాదికి 20 వేల మైళ్లు తిరిగేవాళ్లకు లెక్క తారుమారవుతుంది. ఇంట్లోంచి ఫ్యాక్టరీకి 20 మైళ్లున్న ఈ అబ్బాయికి మాత్రం లెగసీ లెక్కే సరిపోయింది.

మిగతా పోటీదారుల మీద ఇద్దరూ ఎక్కువసేపు నిలవలేదు. హోండా అకార్డ్‌కి ఆల్ వీల్ డ్రైవ్ లేదు. హ్యూందాయ్ సొనాటాకి 2024 నుంచి, కియా కే5కి 2021 నుంచి కొన్ని ట్రిమ్ముల్లో దొరుకుతోంది. మొదటి ఓనరుకు 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ వాటి ఆకర్షణ. కానీ వాడిన బండి కొనే రెండో ఓనరుకు అది 5 ఏళ్లు, 60 వేల మైళ్లకు కుదించుకుపోతుంది. అంటే బావమరిదికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

"ఇంకో సంగతి. కంపెనీయే ఆపేసిన కారు కొంటానంటావేంటి?" అన్నాడు బావ.

ఆపేసిన మాట నిజమే. లెగసీని ఆపేస్తున్నట్టు 2024 ఏప్రిల్‌లో సుబారు ప్రకటించింది. ఇండియానా రాష్ట్రం లఫయెట్ ఫ్యాక్టరీలో 1989 నుంచి తయారవుతూ వచ్చిన కారు 2025 మోడల్‌తో, ఆ ఏడాది సెప్టెంబరులో ఆగిపోయింది. జనం సెడాన్లు వదిలి ఎత్తు బండ్ల వైపు వెళ్లారు. లెగసీ తోబుట్టువు లాంటి ఔట్‌బ్యాక్ బాగా అమ్ముడుపోతూనే ఉంది. బావమరిది ధైర్యం కూడా అక్కడిదే. రెండింటి చాసిస్ ఒకటే, రెండున్నర లీటర్ల ఇంజను ఒకటే, గేర్‌బాక్సు ఒకటే. ఔట్‌బ్యాక్‌లు రోడ్ల మీద తిరుగుతున్నంత కాలం లెగసీ ఇంజనుకు, గేర్‌బాక్సుకు సామాను దొరుకుతుంది. లెగసీకి మాత్రమే చెందిన బంపర్లు, వెనక లైట్లు, డిక్కీ తలుపు లాంటివాటికి మున్ముందు వెతుక్కోవాల్సి రావచ్చు.

గేర్‌బాక్సు మాట వచ్చేసరికి బావ మళ్లీ పట్టుకున్నాడు. "సీవీటీ కదా. 2010ల నాటి సుబారుల్లో అది చాలామందిని ఏడిపించింది. కంపెనీయే దిగొచ్చి, చాలా బండ్లకి దాని వారంటీని 10 ఏళ్లు, లక్ష మైళ్లకి పెంచింది."

"పాత తరం సంగతి అది. నేను చూసేది 2020లో మొదలైన ఏడో తరం. 5 ఏళ్లు, 60 వేల మైళ్ల వారంటీ ఇంకా నడుస్తోంది, ఓనరు మారినా వర్తిస్తుంది. ఆరు నెలలకో, 6 వేల మైళ్లకో సింథటిక్ ఆయిల్ మారుస్తాను. 60 వేల దగ్గర సీవీటీ ద్రవం కూడా మార్పిస్తాను."

"రాసిపెట్టుకో" అన్నాడు బావ. ఆ మాటలో వెటకారం లేదు. సుబారు ఇంజనూ సీవీటీ నూనెల విషయంలో అశ్రద్ధను సహించేవి కావని అతనికి తెలుసు.

ఆదివారం ఇద్దరూ బండి చూడటానికి వెళ్లారు. అక్క కూడా బయల్దేరింది. బయల్దేరుతూ గరాజ్‌లోంచి నాలుగు పెద్ద ఖాళీ సూట్‌కేసులు తీసి వెనక పడేయించింది. మార్చిలో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ తలా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఊరగాయలు, పొడులు, బట్టలతో వచ్చే ఆ పెట్టెలు పట్టని కారు కారే కాదని ఆమె వాదన.

ముందు డిక్కీ తెరిచారు. 15.1 ఘనపుటడుగుల జాగా. సెడాన్‌కు అది పెద్దదే, కామ్రీదీ అంతే. నేల చదునుగా, లోతుగా ఉంది. మూడు పెట్టెలు కష్టం మీద దూరాయి. నాలుగోది వెనక సీట్లోకి వెళ్లింది. ఔట్‌బ్యాక్ అయితే వెనక సీటు మడవకుండానే 32 ఘనపుటడుగులకు పైగా పడుతుందని బావ గుర్తుచేశాడు. వెనక సీట్లో కాళ్లు చాపుకోవడానికి 39.5 అంగుళాలు. పొడుగు మనిషి ముందు కూర్చున్నా వెనక మనిషి మోకాళ్లు తగలవు. కానీ సీటు కిందకి ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఒంగి దిగబడి కూర్చోవాలి, లేచేటప్పుడు తలుపు పట్టుకుని లేవాలి. అక్క రెండుసార్లు కూర్చుని లేచి, "నాన్నకి పర్వాలేదు, అమ్మకి కష్టమే" అని తేల్చింది. పెద్దవాళ్లు ఆరేసి నెలలు వచ్చి ఉండే ఇళ్లలో ఇది తీసిపారేసే మాట కాదు. చాలా ఇళ్లలో సెడాన్ బదులు ఔట్‌బ్యాక్ వైపు మొగ్గడానికి కారణం మంచు కాదు, అమ్మ మోకాళ్లే.

రోడ్డెక్కాక బావమరిది ముఖం వెలిగింది. బండి మెత్తగా, నిబ్బరంగా పోతోంది. గుంతలు పడ్డ మిషిగన్ రోడ్డు మీద కుదుపు లోపలికి రానివ్వడం లేదు. అద్దాలు పెద్దవి, నాలుగు మూలలా చూపు బాగా ఆనుతుంది. ఫ్రీవే ర్యాంపు మీద మాత్రం 182 హార్స్‌పవర్ల ఇంజను గట్టిగా మూలిగింది. నిలకడ నుంచి 60 మైళ్ల వేగం అందుకోవడానికి ఎనిమిదిన్నర సెకన్ల చుట్టూ పడుతుంది. 260 హార్స్‌పవర్ల టర్బో ట్రిమ్ముకి ఆరు సెకన్ల చుట్టూ చాలు, కానీ మైలేజీ 26కి పడిపోతుంది. రోజూ పనికి వెళ్లొచ్చే మనిషికి టర్బో అక్కర్లేదన్నది ఒక్కటే ఇద్దరూ తగువు లేకుండా ఒప్పుకున్న విషయం.

మధ్యలో నిలువుగా ఉన్న 11.6 అంగుళాల తెర బావకు నచ్చలేదు. వేడి పెంచడానికి, తగ్గించడానికి, అద్దం మీద ఆవిరి తీయడానికి పక్కన బటన్లున్నాయి. సీటు వేడి చేసుకోవాలంటే మాత్రం తెర తాకాలి. "చేతులకి గ్లోవ్స్‌తో ఐదుంపావుకి దీన్ని ఎట్లా నొక్కుతావు?" అని అడిగాడు. 2023లో ముందు భాగం రూపు మార్చి, వైరు లేకుండా ఫోను కలిపే వీలు తెచ్చారు, ముందు కెమెరాల చూపు వెడల్పు పెంచారు. ఆ కెమెరాల సంగతి కొనేవాళ్లు తెలుసుకోవాలి. ఐసైట్ అనే రక్షణ ఏర్పాటు రెండు కెమెరాలతో ముందున్న వాటిని కనిపెట్టి, అవసరమైతే తనే బ్రేకు వేస్తుంది. అది బాగా పనిచేసే ఏర్పాటు. కానీ కెమెరాలు ముందు అద్దం లోపలివైపు ఉంటాయి. అద్దం మీద మంచు పేరుకుంటే అవి కాసేపు పనిచేయవు. ఉప్పూ కంకరా ఎగిరే చలికాలంలో రాయి తగిలి అద్దం పగిలితే, కొత్త అద్దం వేశాక కెమెరాలను మళ్లీ సరిచేయించాలి. ఆ ఖర్చు ఇన్సూరెన్సులో వస్తుందా అని ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇంధనం ట్యాంకు 18.5 గ్యాలన్లు. హైవే మీద గ్యాలన్‌కు 35 మైళ్ల చొప్పున 640 మైళ్లు దాటి వెళ్తుంది. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యలో పంపు దగ్గర ఆగకుండా ఇంటికి తిరిగి రావచ్చు. ఈ మాటకు అక్క సంతోషించింది.

బండి తిరిగి డ్రైవ్‌వేలోకి వచ్చాక బావ జేబులోంచి పావు డాలర్ నాణెం తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, వాషింగ్టన్ తల కిందకి వచ్చేట్టు నాణేన్ని టైరు గాడిలోకి దింపాడు. గాడి అంచు ఆ తలను తాకితే కనీసం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు లోతున్నట్టు. మంచుకు అంతకన్నా తక్కువ పనికిరాదు. మూడు టైర్లలో నాణెం అంతంతమాత్రంగా దిగింది. ముందు ఎడమ టైరులో వాషింగ్టన్ నుదురంతా మునిగిపోయింది. బావ ఫోను లైటు వేసి టైరు గోడ మీది డాట్ నంబరు చివరి నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడు టైర్లు 2023 నాటివి. నాలుగోది కొత్తగా తయారైనది. కంపెనీ కూడా వేరు.

"మేకు దిగి ఒకటి పోయింది. దాన్నే మార్చాను" అన్నాడు ఓనరు, అదేం పెద్ద విషయం కాదన్నట్టు.

ముందు చక్రాల కారుకైతే నిజంగానే పెద్ద విషయం కాదు. లెగసీకి మాత్రం ఇదే ప్రాణం మీదికొచ్చే విషయం. నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదని సుబారు చెబుతుంది. గాడి లోతులో చూస్తే అది ఒక్క మిల్లీమీటరు తేడా. కొత్త టైరు గాడి సుమారు 8 మిల్లీమీటర్లుంటుంది. మిగతా మూడూ సగం అరిగి ఉంటే, పెద్ద టైరు ఒక తీరునా చిన్న టైర్లు ఇంకో తీరునా తిరుగుతాయి. ఆ తేడాను సర్దడానికి మధ్యలో ఉన్న క్లచ్ పలకలు ప్రతి మైలూ, ఎండలో పొడి రోడ్డు మీద కూడా, రాపిడిని మోస్తూనే ఉంటాయి. అందుకే ఇలాంటి బండికి ఒక టైరు పోతే నాలుగూ మార్చాలి. లేదా కొత్త టైరును మిగతావాటి కొలతకు చెక్కి ఇచ్చే దుకాణం వెతుక్కోవాలి. వాడిన ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ కొనేవాళ్లలో ఎంతోమంది రంగు చూస్తారు, ఓడోమీటర్ చూస్తారు, వంగి నాలుగు టైర్లూ చూడరు. మిషిగన్‌లో ఏటా బండి తనిఖీ చేసే నియమం కూడా లేదు కాబట్టి ఇలాంటిది ఎవరి కంటా పడకుండా చేతులు మారిపోతుంది.

నాలుగు కొత్త టైర్ల ఖరీదు మేరకు ధర తగ్గించమని అడిగారు. ఓనరు ఒప్పుకోలేదు. ఆ కారు వాళ్లు కొనలేదు.

దారిలో బావ తన ఆఖరి అస్త్రం వేశాడు. "లెగసీ కింద ఖాళీ 5.9 అంగుళాలే. అంతకు మించి మంచు పేరుకుంటే బండి కడుపు ఆనుతుంది. చక్రాలు నాలుగూ తిరిగినా ఉపయోగం ఉండదు. ఔట్‌బ్యాక్‌కి 8.7 ఉంది."

"అలాంటి పొద్దున నేను సూపర్‌వైజరుకి ఫోన్ చేసి ఇంట్లో కూర్చుంటాను బావా. రెండు, మూడు, నాలుగు అంగుళాలు పడ్డ పొద్దున్నే కదా నా బాధ! వాటికి లెగసీ చాలు. ఔట్‌బ్యాక్ ఎత్తు వల్ల ఏడాదంతా నేను గ్యాలన్‌కి రెండు మైళ్లు వదులుకోవాలి, దానికి ధర కూడా ఎక్కువ పెట్టాలి."

బావ కాసేపు మాట్లాడలేదు. "ఇంకొకటి వెతుకు. టైర్లకి పన్నెండొందలు పక్కన పెట్టి వెతుకు" అన్నాడు చివరికి.

ఈ ఇద్దరి వాదనలో నిజం ఇద్దరి దగ్గరా ఉంది గానీ సమానంగా లేదు. టైర్ల విషయంలో బావ చెప్పిందానికి తిరుగులేదు. వింటర్ టైర్లో, మంచు రేకు గుర్తున్న ఆల్ వెదర్ టైర్లో వేయించే ఉద్దేశం లేనివాళ్లు ఆల్ వీల్ డ్రైవ్ కోసం అదనంగా డాలరు కూడా పెట్టొద్దు. ఊరు బల్లపరుపై, పొద్దెక్కాక ఆఫీసుకు బయల్దేరేవాళ్లకు మంచి టైర్లున్న ఫ్రంట్ వీల్ కారు చాలు. ఎక్కువ మైళ్లు తిరిగే వాళ్లకు, కొత్త కారే కొనేవాళ్లకు హైబ్రిడ్ కామ్రీ ఆల్ వీల్ డ్రైవ్ సరైనది. అమ్మానాన్నలు తరచూ వచ్చిపోయే ఇంటికి ఔట్‌బ్యాక్ నయం. స్నో ప్లౌ కంటే ముందు రోడ్డెక్కే నర్సులు, ఫ్యాక్టరీ ఉద్యోగులు, ఎత్తుపల్లాల ఊళ్లలో ఉండేవాళ్లు, ఏడాదికి 12 వేల మైళ్ల లోపు తిరిగేవాళ్లు లెగసీ తీసుకోవచ్చు. 2023 నుంచి 2025 దాకా వచ్చిన మోడళ్లలో, టర్బో లేని ప్రీమియం లేదా లిమిటెడ్ చూడండి. పక్క లేన్‌లో వచ్చే బండిని హెచ్చరించే ఏర్పాటు ప్రీమియం బండ్లన్నిటికీ ఉండదు, అడిగి చూసుకోండి.

డబ్బు కట్టే ముందు 17 అక్షరాల విన్ నంబరును రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి, చేయించని రీకాల్ ఏదైనా మిగిలి ఉందేమో చూడండి, దానికి రూపాయి ఖర్చు లేదు. ఆయిల్ మార్చిన రసీదులు అడగండి. బండిని లిఫ్టు మీద ఎక్కించి, ఉప్పుకు తుప్పు పట్టిన భాగాలున్నాయేమో మీకు తెలిసిన మెకానిక్ చేత చూపించండి. వాటిలో ఏ ఒక్కదానికి అమ్మేవాళ్లు అడ్డుచెప్పినా ఆ బండి వదిలేయండి. లఫయెట్‌లో మూడున్నర దశాబ్దాల పాటు తయారైన కారు ఇది, ఇంకొకటి దొరుకుతుంది.